సిగ్నల్ లేని చోటు అద్దెకివ్వబడును

శుక్రవారం రాత్రి బెంగళూరులోనో హైదరాబాదులోనో కారెక్కి, తెల్లారేసరికి గండికోట లోయ అంచున దిగే జనం ఈ మధ్య బాగా పెరిగారు. కోట చూడడానికి వచ్చేవాళ్లు ఎప్పుడూ ఉన్నారు. వీళ్లు వేరు. వీళ్ల ఒంట్లో విషం చేరింది. విషం పేరు ఫోను, విరుగుడు పేరు డిజిటల్ డీటాక్స్, మోతాదు ఒక రాత్రి రెండు పగళ్లు. పథ్యంగా పెన్నా గాలి, టెంటు, చలిమంట, నక్షత్రాలు. తేలు కుట్టినా పాము కరిచినా మంత్రం వేసేవాళ్లు మా సీమలో ఊరికొకరు ఉండేవాళ్లు. ఫోను కరిస్తే మంత్రం వేసేవాళ్లు మాత్రం ఇన్నాళ్లకు దిగారు.

వైద్యం మొదలయ్యే తీరు చూసి తీరాలి. టెంటు ఎక్కడుందో చెప్పేది ఫోను. డబ్బు కట్టేది ఫోనులోనే. జమ్మలమడుగు దాటి ఎర్రబండల మీదికి చేరగానే నలుగురూ ఫోన్లు పైకెత్తి, ఫోను లేకుండా రెండు రోజులు ఎలా గడపబోతున్నారో రీలు తీస్తారు. సూర్యుడు లేచేది ఒక్కసారే గనక, ఆయన లేచాక కూడా లేస్తున్నట్టే ముఖాలు పెట్టి మళ్లీ మళ్లీ తీస్తారు. తీశాక అసలు కష్టం మొదలవుతుంది. రీలు ఎక్కదు.

"అన్నా, ఇక్కడ నెట్‌వర్క్ రాదా?" అని టీ కొట్టాయన్ను అడుగుతారు.

"యాడొస్తాది సార్! ఆ గుండు మీదికెక్కితే ఒగ గీత వస్తాది. అయినా అది వద్దనే గదా మీరొచ్చింది?"

పాపం, ఆయన వెటకారానికి అనలేదు. నిజంగానే అర్థం కాక అడిగాడు. డీటాక్స్ మనిషి మాత్రం గుండెక్కాడు.

ఈ లోయకు భారతదేశపు గ్రాండ్ కాన్యన్ అని బిరుదు. అమెరికా లోయ లోతు మైలు పైమాటే, మా పెన్నా కోసింది మూడొందల అడుగుల లెక్క. సొంత పేరున్న లోయకు అరువు పేరు తగిలిస్తే తప్ప మనశ్శాంతికి ధర పలకదు కాబోలు. ఒకటి మాత్రం ఒప్పుకోవాలి, ఈ చోటును ఎంచుకున్నవాడికి చరిత్ర బొత్తిగా తెలియదు. 1652లో గోల్కొండ సుల్తానుకు ముత్యాలు అమ్ముకుందామని బయలుదేరిన తావెర్నియే అనే ఫ్రెంచి వ్యాపారి, సరుకు ముందుగా సుల్తాను మంత్రి మీర్ జుమ్లాకు చూపాలని తెలిసి గండికోట దాకా వచ్చాడు. మీర్ జుమ్లా అప్పటికి కొత్తగా కోటను పట్టి అక్కడే విడిది చేసి ఉన్నాడు. ఆయన దర్బారు తీరును తావెర్నియే రాసిపెట్టాడు. చెప్పుల్లేని కాళ్లతో మఠం వేసుకుని కూచున్న నవాబు కాలివేళ్ల సందుల్లో ఉత్తరాలు, ఎడమచేతి వేళ్ల సందుల్లో ఇంకొన్ని ఉత్తరాలు. ఒకసారి కాలి నుంచి, ఒకసారి చేతి నుంచి ఒక్కొక్కటే లాగి, దేనికేం జవాబు రాయాలో పక్కనున్న లేఖకులకు చెబుతున్నాడట. నోటిఫికేషన్ల పీడకు గండికోట కొత్తది కాదు. అదే పెన్నా గాలి, అవే బండలు. ఒక్క ఉత్తరం కూడా కాలివేళ్ల నుంచి జారిపోలేదు. రాజ్యాలు గెలవాలనుకునేవాడికి లోయ అందం అడ్డం రాదు. ఎందుకంటే ఆయన్ను పట్టుకున్నది కాగితం కాదు, కొలువు.

ఇప్పుడు అదే లోయలో నీళ్లు నిలిచాయి. టెంటు ముందు కూచుని చూస్తే మనసు తేలికపడే నీళ్లు. గండికోట జలాశయం సామర్థ్యం దాదాపు 27 టీఎంసీలు. దాన్ని నింపడానికి కొండాపురం మండలంలో ఊళ్లకు ఊళ్లు ఖాళీ అయ్యాయి. 2020లో తాళ్లప్రొద్దుటూరులోకి నీళ్లొస్తుంటే పరిహారం పూర్తిగా అందలేదనీ, ఇళ్లు కట్టుకునే గడువివ్వాలనీ జనం ధర్నాలు చేశారు. అన్నిటినీ వదిలించుకుని తేలికపడడం అంటే ఏమిటో అడగాలనుకుంటే వాళ్లను అడగొచ్చు. టెంటు ప్యాకేజీలో ఆ ముచ్చట ఉండదు లెండి, నీళ్ల ఫోటో ఉంటుంది.

ప్రకృతి ఒడిలో గడిపితే ఫోను జబ్బు నయమవుతుందన్న సిద్ధాంతమే నిజమైతే, కర్నూలు కడప జిల్లాల్లో ఉపాధి పనికి పోయేవాళ్లంత ఆరోగ్యవంతులు భూమ్మీద ఉండకూడదు. పొద్దున ఆరింటికే గడ్డపార, చెలగపార, సద్దిమూట పట్టుకుని గుట్టకు పోతారు. నీడకు తుమ్మచెట్టు. తలమీద 43 డిగ్రీల ఎండ. నిండా ప్రకృతే. కానీ చిత్రం చూడండి, వాళ్లకు ఫోను నిషేధం కాదు, నిర్బంధం. 2023 జనవరి 1 నుంచి ఉపాధి హామీ పనిచోట్లలో ఎన్‌ఎంఎంఎస్ అనే యాప్‌లోనే హాజరు వేయాలని కేంద్రం ఆదేశం. రోజుకు రెండు ఫోటోలు, ఆ పనిచోటులోనే నిలబడి దిగాలి. ఫోటో ఎక్కకపోతే తవ్విన గుంత గుంతే గానీ కూలి కాదు. తెల్లారి తవ్వకం ముగించి ఎండెక్కేలోపు ఇల్లు చేరే ఆడమనిషి, రెండో ఫోటో కోసం అక్కడే కూచోవాలి. హాజరు వేసే మేట్ చేతిలోని ఫోను పైకెత్తి గట్టెక్కి దిగుతూ ఉంటాడు. అవతల గండికోటలో డీటాక్స్ మనిషి ఎక్కింది కూడా అలాంటి గుండే. ఒకాయన లైకు కోసం, ఒకాయన పాతికమంది కూలి కోసం.

అంగన్‌వాడీ టీచరుకు పోషణ్ ట్రాకర్. రైతుకు ఈ-క్రాప్, ఈ-కేవైసీ. బడిపంతులు మరుగుదొడ్డి ఫోటో తీసి పంపిన కాలం కూడా మన రాష్ట్రం చూసింది. వీళ్లెవరికీ ఫోను విషమని చెప్పిన వైద్యుడు లేడు. ఫోను లేకపోతే వీళ్లు మనుషుల లెక్కలోకే రారు. ఫోను పక్కన పెట్టి ఆకాశం చూడగలగడం ఒక హోదా అని మనం గుర్తించాలి. ఫోను పక్కన పెట్టినా ఆ పూట జీతం ఆగని వాడికే అది సాధ్యం.

ఇక అచ్చమైన డీటాక్స్ కావాలంటే తొలకరి పడ్డాక జొన్నగిరికి, తుగ్గలికి, పగిడిరాయికి రండి. ఎర్రచేలల్లో వజ్రాలు వెతికే జనం పొద్దు పొడిచింది మొదలు కుంగే దాకా తల వంచుకునే నడుస్తారు. ఆ వంచిన తల ఫోనులోకి కాదు, మట్టిలోకి. ఎంత ఏకాగ్రత! ధ్యానం నేర్పే గురువులు కూడా అంత సాధించలేరు. రుసుము లేదు, టెంటు లేదు, సద్ది ఎవరిది వాళ్లే. అప్పు ఒక్కటి ఉండాలి, అది అందరికీ ఉంటుంది.

జీవరాశిలో ఈ వ్రతాన్ని నిష్ఠగా పట్టింది కలివికోడి అనే పిట్ట ఒక్కటే. 1900 తర్వాత ఎవరికీ కనిపించలేదు. పోయిందనే అనుకున్నారు. 1986లో కడప జిల్లా లంకమల చిట్టడవిలో ఒక రాత్రి స్థానికుడి టార్చి వెలుగుకు చిక్కింది. 86 ఏళ్ల నాట్ రీచబుల్! ఆ తర్వాత శాస్త్రజ్ఞులు పొదల్లో కెమెరాలు బిగించి కాపలా కాసినా అది మహా పొదుపుగానే దర్శనమిచ్చింది. రీలు తీయనిదానికే డీటాక్స్ సర్టిఫికెట్ ఇవ్వాలనుకుంటే ఆ పిట్ట తర్వాతే ఎవరైనా.

నన్ను పల్లెటూరి ఈర్ష్యగాడని అనుకోకండి. పట్నంలో కొలువు చేసేవాడి బాధ నిజమైనదే. రాత్రి పదకొండింటికి మేనేజరు "చిన్న పని" అంటాడు. భోజనం పళ్లెం పక్కన గ్రూపు మోగుతుంది. పండగ పూట కాల్. అలసట ఉంటుంది, నిద్ర ఉండదు. అయితే ఆ అలసటకు కారణం అతని వేళ్లకున్న చాపల్యమే అని చెప్పి, విరుగుడు కూడా అతని జేబు నుంచే కొనిపిస్తున్నారు చూడండి, అక్కడుంది అసలు కళ. కొన్ని కంపెనీలు ఇంకా ఉదారంగా సొంత ఖర్చుతోనే ఉద్యోగులను రిసార్టులకు తోలుకుపోతాయి. ఆ ప్రయాణం వివరాలు వచ్చేదీ ఆఫీసు గ్రూపులోనే, అదీ రాత్రి పదకొండింటికే. మేట్ వెంటపడే యాప్‌కు, మేనేజరు పెట్టే మెసేజీకి తేడా ఏముంది? తీగ అవతలి కొస ఎవరో ఒకరి చేతిలో ఉంది. ఆ చేతిని వదిలేసి ఈ కొసనున్నవాడికి ప్రకృతి కషాయం పోస్తున్నారు.

ఫ్రాన్సులో 2017 జనవరి 1 నుంచి చట్టం వచ్చింది. యాభై మంది, అంతకు మించి ఉద్యోగులున్న కంపెనీలు పనివేళలు అయ్యాక సందేశాల సంగతిని ఉద్యోగులతో కూర్చుని తేల్చుకోవాలి. మన లోక్‌సభలో 2018 డిసెంబరులో ఎంపీ సుప్రియా సూలే అలాంటి హక్కు కోసమే ప్రైవేటు మెంబరు బిల్లు పెట్టారు. 2025 డిసెంబరులో మళ్లీ పెట్టారు. ప్రైవేటు మెంబరు బిల్లుల గతి తెలిసిందే. ఇంకోవైపు మహారాష్ట్ర సాంగ్లీ జిల్లాలో మోహిత్యాంచే వడ్గావ్ అనే ఊరు 2022 ఆగస్టు 15న ఒక పద్ధతి మొదలుపెట్టింది. రోజూ సాయంత్రం ఏడింటికి గుడి మీది సైరన్ మోగితే ఊరంతా గంటన్నర ఫోన్లూ టీవీలూ కట్టేస్తుంది. లోయ లేదు, చలిమంట లేదు, గ్రాండ్ కాన్యన్ అంతకన్నా లేదు. ఊరు కూర్చుని ఒక మాట అనుకుంది, అంతే.

గండికోటకు రావద్దని ఎవరూ అనరు. రండి, మాధవరాయ గుడి చూడండి, జుమ్మా మసీదు చూడండి, రాగి సంగటి తినండి, ఫోటోలు కూడా దండిగా తీసుకోండి, తప్పేముంది! దానికి వైద్యమని పేరు పెట్టొద్దు. తిరిగి పోయాక సోమవారం పొద్దున నలుగురు కలిసి, సాయంత్రం ఏడు తర్వాత మెసేజ్ పెట్టొద్దని ఆఫీసును అడగండి. వీలైతే ఉపాధి కూలీల రెండో ఫోటో గురించి కూడా మీ ఎంపీకి ఒక ముక్క రాయండి. ఖాళీ బాటిళ్లు మాత్రం లోయలోకి విసరకండి.