శ్రావణ బహుళ హీలియం

నాకు రెండు పుట్టినరోజులు. నన్ను బళ్ళో వేసినప్పుడు మాస్టారు, "ఎప్పుడు పుట్టాడమ్మా?" అని అడిగితే మా అమ్మ, "గోదారి పొంగిన ఏడండి, శ్రావణమాసం, అప్పటికింకా వాకిట్లో నీళ్ళు తియ్యలేదు" అందిట. 1953 వరదంతా రిజిస్టరు గడిలో ఎక్కడ పడుతుంది? ఆయన జూలై 1 అని రాసి పారేశారు. ఆ తేదీ మీదే ఉద్యోగం చేశాను, ఆ తేదీ మీదే పింఛను తింటున్నాను. భూమ్మీద పడకముందే నెల పైచిలుకు వయసు కలిసొచ్చిన వాణ్ణన్నమాట.

అలాంటి నా దగ్గరికొచ్చి మా మనవడు, "తాతా, ఆగస్టు 18 హీలియం డే అట. నిజంగా గుర్తింపు ఉన్నదేనా, ఎవరో ఊరికే పెట్టేశారా?" అన్నాడు. పంద్రాగస్టు కాకుండా ఆగస్టులో వచ్చే ఇంకో గొప్ప రోజు గురించి రాసుకు రమ్మన్నారట. నోట్సులో నాలుగు గళ్ళు గీసిచ్చారు. తేదీ, కారణం, స్థలం, గుర్తింపు ఇచ్చినవారు. నాలుగో గడి ఖాళీగా ఉంటే మార్కులు పోతాయని వాడి బెంగ.

ముప్పై అయిదేళ్ళు ఫైళ్ళు మోసిన గుమాస్తాని. గుర్తింపు అన్నమాట చెవినబడేసరికి ప్రాణం లేచొచ్చింది. కళ్ళజోడు తుడుచుకుని విచారణకి కూర్చున్నాను.

ముందు గోడమీద క్యాలెండరు. 18వ తేదీ గడిలో రాహుకాలం ఉంది, వర్జ్యం ఉంది, హీలియం లేదు. జీఓ ఉన్న రోజులు వేరే. ఫిబ్రవరి 28 జాతీయ సైన్సు దినోత్సవం. 1928లో రామన్ ఎఫెక్టు బయటపడ్డ రోజని 1987 నుంచీ చేస్తున్నారు. ఆగస్టు 23 జాతీయ అంతరిక్ష దినోత్సవం. 2023లో చంద్రయాన్-3 చంద్రుడి మీద దిగిన రోజు. హీలియానికి ఢిల్లీ ముద్రా లేదు, ఐక్యరాజ్యసమితి ముద్రా లేదు.

'లేదురా' అనబోతుండగా పై డే గుర్తొచ్చింది. అమెరికావాళ్ళు నెల ముందు, తేదీ వెనక రాస్తారు కదా, మార్చి 14 అంటే 3-14, లెక్కల్లో వచ్చే పై విలువలా. 1988లో శాన్‌ఫ్రాన్సిస్కోలో ఓ సైన్సు మ్యూజియంలో పనిచేసే ల్యారీ షా అనే ఆయన, పై అన్న పేరే ఉన్న వాళ్ళ తీపి వంటకం పంచిపెట్టి ఆ రోజుని మొదలెట్టాడు. 2009లో అమెరికా ప్రతినిధుల సభ తీర్మానం చేసింది. 2019లో యునెస్కో అదే రోజుని అంతర్జాతీయ గణిత దినోత్సవం చేసింది. అంటే ముందు ఫలహారం, ముప్పై ఏళ్ళకి జీఓ. కాబట్టి నాలుగో గడిలో 'లేదు' అని రాయడం తొందరపాటు. 'పెండింగు' అని పెన్సిలుతో రాయించాను.

మిగతా మూడు గళ్ళూ నున్నగా నిండుతాయనుకున్నాను. అక్కడే బోల్తా పడ్డాను.

1868 ఆగస్టు 18, మంగళవారం, సంపూర్ణ సూర్యగ్రహణం. మనవాళ్ళు ఆవకాయ జాడీలో దర్భపుల్ల వేసి తలుపులు బిగించుకునే వేళకి, దొరలు దుర్భిణీలు మోసుకుని గుంటూరులో దిగారు. ఫ్రాన్సు నుంచి జాన్సెన్, బ్రిటిష్ వాళ్ళ తరఫున టెన్నంట్. మద్రాసు అబ్జర్వేటరీ పెద్ద పోగ్సన్ మచిలీపట్నంలో మకాం వేశాడు. అక్కడే పనిచేసే చింతామణి రఘునాథాచారి వనపర్తి వెళ్ళాడు. సూర్యుడి అంచున లేచే మంటల వెలుగుని జాన్సెన్ స్పెక్ట్రోస్కోపులో విడదీసి చూస్తే గీతలు ధగధగమన్నాయి. ఇంత మెరిసేవి గ్రహణం లేకపోతే మాత్రం ఎక్కడికి పోతాయని మర్నాడు మళ్ళీ చూశాడు. ఉన్నాయి! గ్రహణం విడిచాక తలస్నానం చేసేస్తే మనకి పనైపోయినట్టు. ఆయనకి అప్పుడే మొదలైంది.

అక్టోబరు 20న లండన్లో లాకియర్ అనే ఆయన కూడా గ్రహణం సాయం లేకుండానే ఆ మంటల గీతలు చూశాడు. అందులో పసుపు గీత ఒకటి సోడియం గీతకి దగ్గర్లో ఉందిగానీ దానిది కాదు. ఇదేదో కొత్త మూలకమని, గ్రీకుల సూర్యుడు హీలియోస్ పేరు మీద హీలియం అన్నారు. చాలామంది నవ్వారు. 1895లో రామ్సే ఓ యురేనియం ఖనిజంలోంచి దాన్ని బయటికి తీసేదాకా ఆ నవ్వు ఆగలేదు.

చూశారా, కనబడింది ఓ రోజు, పేరు పడింది ఇంకో రోజు, చేతికి చిక్కింది ఇరవయ్యేడేళ్ళ తరవాత. పురుడు గుంటూరులో, బారసాల లండన్లో. సర్టిఫికెట్టు దగ్గర తేడా వచ్చిన కేసు. నాకు దానిమీద ఒక్కసారిగా తమ్ముడి మీదలాంటి ప్రేమ పుట్టుకొచ్చింది.

స్థలం గడి ఇంకా అన్యాయం. ఏటా ఆగస్టు 18న హీలియం దినం జరుపుతున్నది గుంటూరులో కాదు, మహారాష్ట్రలో విజయదుర్గ్ కోటలో. అక్కడున్న 'దొరగారి అరుగు' మీద నిలబడే లాకియర్ హీలియాన్ని చూశాడంటారు. 1868లో లాకియర్ మన దేశం రానేలేదు. ఆయన విజయదుర్గ్ వచ్చింది 1898 జనవరిలో, వేరే గ్రహణానికి. పెళ్ళి ఒకరింట్లో, భోజనాలు ఇంకొకరింట్లో.

ఈ మాట ఫోనులో మా బావగారికి చెప్పాను. ఆయనది కాకినాడ. "గుంటూరేవిటి బావగారూ, విజయదుర్గేవిటి? జాన్సెన్ పారిస్ అకాడమీకి ఉత్తరం రాసింది మా కాకినాడ నుంచండి. వాళ్ళు అచ్చేసిన కాగితంలో 'కొకనాడలో సాధించిన ఫలితాలు' అనే ఉందండి, ఆయ్!" అన్నారు. వెతికి చూస్తే నిజమే. సెప్టెంబరు 19న కాకినాడ నుంచి రాసిన ఆ ఉత్తరమూ, లండన్ నుంచి లాకియర్ కబురూ అక్టోబరు 26న ఒకే రోజు అకాడమీ ముందుకొచ్చాయి. మా బావగారి దిగులు వేరు. అంత దూరం వచ్చిన మనిషి కాజా తినకుండా వెళ్ళిపోయాడేమోనని.

స్థలం గడిలో మూడూళ్ళు ఇరుక్కున్నాయి. ఇక నావల్ల కాక మా పంతులుగారి దగ్గరికి వెళ్ళాను.

ఆయన తేదీ వినలేదు. "తిథి చెప్పండి" అన్నారు.

"సూర్యగ్రహణమండి."

"అయితే అమావాస్యే." వేళ్ళ కణుపుల మీద బొటనవేలు పరిగెత్తించారు. "1868 అంటే విభవ. ఆగస్టు నడిమన అమావాస్య... శ్రావణ బహుళం. పోలాల అమావాస్యండి బాబూ! మీ ఇంట్లో ఏటా చేస్తూనే ఉన్నారు కదా?"

నోరు తెరుచుకుని ఉండిపోయాను. "మరి దీన్ని పండగనొచ్చా?" అన్నాను.

"ఆవాహన ఉండాలి, నైవేద్యం ఉండాలి, ఉద్వాసన ఉండాలి. మూడూ ఉంటే పండగే. జీఓ ఎవడిక్కావాలి? ఆనకట్ట కట్టిన కాటన్ దొరకి గోదాట్లో దిగి తర్పణాలు వదిలేవాళ్ళున్నారు. ఏ జీఓ చూసి వదులుతున్నారండి?"

2025లో అమావాస్య ఆగస్టు 22, 23 తేదీల్ని పంచుకుంది. సూర్యోదయానికి తిథి ఉండాలని మా ఆవిడ 23నే పట్టింది. అంతరిక్ష దినోత్సవం కూడా ఆ రోజే. ఢిల్లీ ముద్ర దొడ్డిదారిన మా ఇంట్లోకొచ్చిందని నేను లోలోపల మురిసిపోయాను.

ముందురోజు సాయంత్రం మనవణ్ణి వెంటబెట్టుకుని పుష్కర ఘాట్‌కి బుడగ కొనడానికి వెళ్ళాను.

"ఇందులో ఏ గ్యాసయ్యా?"

"ఎగిరే గ్యాసండి."

"హీలియమా, హైడ్రోజనా?"

"ఎగురుతుందా లేదా అది చూడండి బాబుగారూ!"

హైడ్రోజనైతే దీపం పక్కన భగ్గుమంటుంది. పుట్టినరోజుల అలంకరణ సామాన్లమ్మే కొట్టుకెళ్ళి, సిలిండరు మీద పేరు చదివి మరీ నింపించాను. దారిలో వాడికి జాన్సెన్ బుడగ కథ చెప్పాను. 1870లో శత్రుసైన్యం పారిస్‌ని చుట్టుముడితే ఆయన గ్రహణం చూడాలని గాలిబుడగెక్కి ఊరు దాటి, అల్జీరియా చేరాడు. తీరా ఆ వేళకి ఆకాశం నిండా మబ్బులు. "అయ్యో పాపం" అన్నాడు వాడు. కారణం గడిలో ఇది కూడా ఎక్కిస్తానన్నాడు.

పొద్దున్నే మా ఆవిడ పీటమీద కందమొక్క పెట్టి, పసుపు రాసి, తోరం కట్టింది. బూరెలు నివేదన పెట్టింది. వాడు పసుపురంగు బుడగ తెచ్చి, "మామ్మా, దీన్ని కూడా పెట్టవా?" అన్నాడు. మా ఆవిడ నావైపు ఓ చూపు చూసింది. ఆ చూపుకి ఏ స్పెక్ట్రోస్కోపూ చాలదు. తరవాత ఏమనుకుందో, కందకి కట్టగా మిగిలిన దారంతో బుడగని పీటకోడుకి కట్టి, దానికీ ఇంత పసుపు అద్ది, ఓ అక్షింత వేసింది.

మర్నాటికి బుడగ సన్నగిల్లింది. హీలియం అణువు మహా చిన్నది. రబ్బరు సందుల్లోంచి జారుకుంటుంది. కందమొక్కని తీసి పెరట్లో నాటడానికి వచ్చిన మా ఆవిడ, పీట పక్కన వాడిపోయి పడున్న దాన్ని చూసి, "దీనికీ ఉద్వాసన అయిపోయినట్టుందండీ" అంది.

మనవడు రబ్బరు తీసుకుని 'పెండింగు' చెరిపేశాడు. నాలుగో గడిలో గుండ్రంగా రాశాడు. 'మా మామ్మ'.