జమాఖర్చుల బావ

ప్రతి తెలుగింట్లోనూ ఓ క్రికెట్ పిచ్చోడుంటాడు. వాడితో వేగడం తేలికే. స్కోరెంతని అడిగి, "అయ్యో" అనో "అబ్బో" అనో అనేస్తే వదిలేస్తాడు. మా అక్కయ్యకు దక్కినవాడు ఫుట్‌బాల్ పిచ్చోడు. అదీ బ్రెజిల్, అర్జెంటీనా అంటూ ఊగే రకమైతే నాలుగేళ్లకోసారి పూనకం వచ్చి పోతుంది, తోడూగడానికి వీధిలో నలుగురు దొరుకుతారు. మా బావది భారత జట్టు పిచ్చి. అందులోనూ హ్యాట్రిక్‌ల పిచ్చి. మనవాళ్లు కొట్టినవీ, మనవాళ్ల మీద కొట్టినవీ.

బ్యాంకులో హెడ్ క్యాషియర్‌గా రిటైరైన మనిషి కదా, వాటికో పద్దు పుస్తకం పెట్టాడు. ఎడమ పేజీ జమ, కుడి పేజీ ఖర్చు. మనవాడు మూడు కొడితే నీలం సిరా, మనకు మూడు పడితే ఎర్ర సిరా, పెనాల్టీ గోలైతే పక్కన చిన్న చుక్క. 2023 శాఫ్ పోటీల్లో, బెంగళూరులో, పాకిస్తాన్ మీద సునీల్ ఛెత్రి మూడు కొట్టి మనం 4-0తో గెలిచిన రాత్రి నేను వాళ్లింట్లోనే ఉన్నాను. బావ కళ్లజోడు పెట్టుకుని, పేరు రాసి, నింపాదిగా రెండు చుక్కలు పెట్టాడు.

"మూడింట్లో రెండు పెనాల్టీలు. మొదటిదేమో వాళ్ల గోల్‌కీపర్ చేసిన దానం."

"పాకిస్తాన్ మీద కదా బావా, కాస్త సంతోషించు."

"సంతోషిస్తూనేరా చుక్కలు పెడుతున్నది."

జమ పేజీలో ఆయనకు ప్రాణమైన పద్దు 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్. ఆతిథ్యం ఇచ్చిన ఆస్ట్రేలియానే 4-2తో ఓడించాం, అందులో మూడు నెవిల్ డిసౌజావి. ఒలింపిక్స్‌లో హ్యాట్రిక్ కొట్టిన తొలి ఆసియావాడు అతనే. బావ ఆ కథ చెప్తుంటే గోల్‌పోస్టు వెనకాల నిలబడి బంతులు అందించాడేమో అనిపిస్తుంది. అప్పటికి ఆయనింకా పుట్టనే లేదు. "కోచ్ ఎవరనుకున్నావ్? మన హైదరాబాద్ రహీం సాబ్!" అని ఆ 'మన' దగ్గర కాస్త ఆగుతాడు. ఆ జట్టులోనే ఉన్న తులసీదాస్ బలరాం అమ్ముగూడ కుర్రాడని చెప్పి ఇంకాస్త ఆగుతాడు. ఇక ఛెత్రి సంగతి ఎత్తితే ఆగడం ఉండదు. తండ్రి సైన్యంలో ఉండటం వల్ల అతను పుట్టింది సికింద్రాబాద్‌లో. పెరిగింది ఎక్కడెక్కడో, ఆట నేర్చింది ఎక్కడెక్కడో. అయినా బావ లెక్కలో తజికిస్తాన్ మీదా, వియత్నాం మీదా, చైనీస్ తైపీ మీదా, పాకిస్తాన్ మీదా పడ్డ నాలుగు హ్యాట్రిక్‌లూ సికింద్రాబాద్ బ్రాంచివే. "ఖాతా తెరిచింది ఎక్కడో అదే హోం బ్రాంచి" అంటాడు.

తైపీ పద్దు దగ్గర మాత్రం ఆయనకు బీపీ పెరుగుతుంది. 2018 జూన్‌లో ముంబయిలో మనం 5-0తో గెలిచాం, ఛెత్రి మూడు కొట్టాడు, చూడ్డానికి వచ్చింది 2,569 మంది. తిట్టడానికైనా సరే, స్టేడియానికి రండి అని ఆ కెప్టెన్ వీడియోలో బతిమాలుకోవాల్సి వచ్చింది. కెన్యాతో జరిగిన తర్వాతి మ్యాచ్‌కి స్టేడియం నిండిందనుకోండి. అయినా బావ కోపం చల్లారలేదు. "మా చిన్నాన్న కూతురి పెళ్లిలో అంతకంటే ఎక్కువ విస్తళ్లు లేచాయి!" అని చిందులేశాడు.

"మరి మీరెప్పుడైనా స్టేడియానికి వెళ్లారా?" అంది అక్కయ్య, బీరకాయ చెక్కు తీస్తూ.

"టీవీలో అయితే రీప్లే ఉంటుందే. చుక్కలు సరిచూసుకోవద్దూ?"

ఇన్ని చెప్పినా, మనిషి కళ్లు నిజంగా మెరిసేది ఖర్చు పేజీ తిప్పినప్పుడే. 1952 హెల్సింకి. మనవాళ్లలో చాలామంది ఉత్త కాళ్లతో దిగారు. యుగోస్లావియా 10, మనం 1. ఆ పదిలో నాలుగు బ్రాంకో జెబెక్‌వి. ఇలాంటిది ఎవరైనా మరిచిపోవాలనుకుంటారు. ఈయన మా మేనకోడలి పెళ్లిచూపుల్లో, కాఫీ కప్పు అందిస్తూ, పెళ్లికొడుకుని అడిగాడు: "హెల్సింకిలో మనకి నాలుగు కొట్టిందెవరు బాబూ?" డల్లాస్ నుంచి సెలవు మీద వచ్చిన ఆ అబ్బాయి కాసేపు ఆలోచించి "మెస్సీ?" అన్నాడు. ఆ సంబంధం కుదరడానికి నేనూ అక్కయ్యా పడ్డ పాట్లు వేరే రాయాలి.

మూడు కొడితే హ్యాట్రిక్, నాలుగైతే ఏమని రాయాలి? దీనికి బావ దగ్గర సిద్ధాంతమే ఉంది. 2008 ఆగస్టు, ఢిల్లీ అంబేద్కర్ స్టేడియం, ఏఎఫ్‌సీ ఛాలెంజ్ కప్ ఫైనల్. ఛెత్రి మూడు కొట్టాడు, తజికిస్తాన్‌ని 4-1తో ఓడించాం. ఆ గెలుపుతోనే, 1984 తర్వాత మళ్లీ ఆసియా కప్‌లో అడుగుపెట్టాం. 2011 జనవరిలో తీరా దోహా వెళితే, బహ్రెయిన్ ఆటగాడు ఇస్మాయిల్ అబ్దుల్‌లతీఫ్ ఒక్కడే మనకి నాలుగు కొట్టాడు. 5-2.

"చూశావా? మనవాడు మూడు కొట్టబట్టి వెళ్లాం. వెళ్లబట్టి నాలుగు పడ్డాయి. మూడు అసలు, ఒకటి వడ్డీ."

2021లో దుబాయ్‌లో యూఏఈ మనకి 6-0 వడ్డించినప్పుడు అలీ మబ్‌ఖౌత్ మూడుతోనే ఆపాడు. "వడ్డీ మాఫీ చేశాడు, మంచివాడు" అన్నాడు బావ, ఎర్ర సిరా పెన్ను మూత తీస్తూ.

ఈ జబ్బు అంటుకుంటుందని నాకెవరూ చెప్పలేదు. మొన్న టీవీలో ఎవరో దర్శకుడికి వరుసగా మూడు హిట్లు పడ్డాయని, హ్యాట్రిక్ అని ఊదరగొడుతుంటే, "అందులో ఒకటి రీమేక్, దానికి చుక్క పెట్టాలి" అనేశాను. మా ఆవిడ రిమోట్ కింద పెట్టి, అక్కయ్యకు ఫోన్ చేసింది.

సింగపూర్ చేతిలో గోవాలో 2-1తో ఓడి, 2027 ఆసియా కప్‌కి మనవాళ్లు దూరమైన మర్నాడు, పరామర్శకని బావ దగ్గరికి వెళ్లాను. దిగాలుగా ఉంటాడనుకుంటే, పుస్తకం ముందేసుకుని హుషారుగా వక్కపొడి నములుతున్నాడు.

"బాధగా లేదా బావా?"

"బాధెందుకురా? వెళితే కదా ఎవడో ఒకడు నాలుగు కొట్టేది. ఈసారి ఖర్చు మిగిలింది."