ఎత్తేలోపు ఎవడు వింటాడు? ఎర్లీ మీడియా సెట్టింగులకు ఎనిమిది చిట్కాలు

కొత్త క్లయింటు ఆఫీసులో ఐపీ పీబీఎక్స్ బిగించారు. సిప్ ట్రంక్ రిజిస్టర్ అయింది. డాష్‌బోర్డులో పచ్చ లైటు వెలిగింది. ఇక మిగిలింది చిన్న వ్యవహారం. నంబర్ కొట్టినప్పటి నుంచి అవతలివాళ్లు ఎత్తేదాకా కాలర్ చెవిలో ఏం పడాలి? ట్రింగ్ ట్రింగా, కాలర్ ట్యూనా, "ఈ నంబర్ ఉపయోగంలో లేదు" అనే అమ్మాయి గొంతా? 2020 మార్చిలో దేశమంతా దగ్గుతో మొదలయ్యే కరోనా సందేశం విన్నది ఈ సందులోనే. కాల్ కలవకముందే వినిపించే ఇలాంటి ఆడియోను మన వృత్తిలో ఎర్లీ మీడియా అంటారు.

దీన్ని సరిగ్గా పెట్టాలంటే చదవాలి, ఓపిక పట్టాలి, బయటి ఫోన్ల నుంచి చేసి చూడాలి. అంత తీరిక లేనివాళ్ల కోసమే ఈ చిట్కాలు. అన్నిటికీ మూలసూత్రం ఒక్కటే: కాలర్ ఏం విన్నాడో మీ లాగ్‌లో పడదు. లాగ్‌లో పడనిది జరగనట్టే.

1. 180, 183 రెండూ ఒకటే అనుకోండి

సిప్‌కు మూలగ్రంథమైన ఆర్‌ఎఫ్‌సీ 3261 వచ్చింది 2002లో. అందులో 180 అంటే అవతల ఫోన్ మోగుతోందని, 183 అంటే కాల్ పని నడుస్తోందని రాశారు. 183తో పాటు ఎస్‌డీపీ వస్తే అవతలి నుంచి ఆడియో రాబోతోందని అర్థం. 2004లో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 3960 ఇంకాస్త విడమరిచింది. 180 రానిదే ఫోన్ సొంతంగా రింగ్ మోత వేయకూడదు. 180 వచ్చి, ఆర్‌టీపీ ప్యాకెట్లు రాకపోతే వేయాలి. ప్యాకెట్లు వస్తుంటే మాత్రం సొంత మోత మానేసి వాటినే వినిపించాలి.

ఇంత గొడవ మనకెందుకు? 18తో మొదలయ్యే ఏ జవాబు వచ్చినా లోకల్ రింగ్ కొట్టమని గేట్‌వేకి చెప్పేయండి. క్యారియర్ నుంచి ముందు 183, ఎస్‌డీపీ వస్తాయి. సెకనుకు 50 చొప్పున ప్యాకెట్లు వస్తూ కాలర్ ట్యూన్ మొదలవుతుంది. ఇంతలో వెనకాలే ఎస్‌డీపీ లేని 180 వస్తుంది. మీ గేట్‌వే టక్కున పాట ఆపి ట్రింగ్ ట్రింగ్ మొదలెడుతుంది. పాట ప్యాకెట్లు అలా వచ్చి పడుతూనే ఉంటాయి, వినే నాథుడు ఉండడు. ట్రేస్‌లో మాత్రం అన్ని జవాబులూ వరుసగా, ముచ్చటగా కనిపిస్తాయి.

2. ఎవరికి చేసినా రింగ్ వినిపించండి

ఆస్టరిస్క్‌లో డయల్ అప్లికేషన్‌కు "ఆర్" అనే ఆప్షన్ ఉంది. అది తగిలిస్తే అవతల మోగినా మోగకపోయినా ఇవతల రింగ్ వినిపిస్తుంది. ఎత్తేదాకా అవతలి ఆడియో ఒక్క చుక్క కూడా కాలర్ చెవికి చేరదు. "రింగ్ వినబడటం లేదు" అన్న ఫిర్యాదు ఆ పూటతో సరి.

కలెక్షన్ టీమ్ కుర్రాడు రద్దయిపోయిన నంబర్‌కు చేస్తాడు. ఆ నంబర్ లేదని క్యారియర్ తెలుగులో, హిందీలో, ఇంగ్లీషులో చెబుతూ ఉంటుంది. కుర్రాడికి మాత్రం శుభ్రంగా రింగవుతుంది. "కస్టమర్ ఎత్తడం లేదు" అని రాసుకుని మధ్యాహ్నం మళ్లీ చేస్తాడు, సాయంత్రం మళ్లీ చేస్తాడు. పట్టుదల అలవడుతుంది.

3. దేశం సెట్టింగు జోలికి పోకండి

ఇండియాలో రింగ్‌బ్యాక్ అంటే 25 హెర్ట్జ్‌తో వణికే 400 హెర్ట్జ్ మోత: 0.4 సెకను మోగి, 0.2 ఆగి, మళ్లీ 0.4 మోగి, 2 సెకన్లు విరామం. అమెరికాలో 440, 480 హెర్ట్జ్ కలిసి 2 సెకన్లు మోగి 4 సెకన్లు ఆగుతాయి. ఆస్టరిస్క్ నమూనా ఇండికేషన్స్ ఫైల్లో దేశం యూఎస్ అనే ఉంటుంది. "ఇన్" అని రెండక్షరాలు మార్చే శ్రమ మనకెందుకు?

దిల్‌సుఖ్‌నగర్ పెద్దాయన పక్క వీధి డయాగ్నస్టిక్ సెంటర్‌కు చేస్తే డల్లాస్‌లో కొడుకు ఫోన్ మోగినట్టు వినిపిస్తుంది. నంబర్ తప్పు కొట్టానేమో, ఐఎస్‌డీ పడుతుందేమో అని గాభరాగా కట్ చేస్తాడు. మీ రిపోర్టులో అది "కాలరే కట్ చేశారు" అని నమోదవుతుంది. నిజమే కదా!

4. 183 ముందే పంపేయండి, ఆడియో సంగతి తర్వాత

183 చూడగానే కాలర్ ఫోన్ సొంత మోత మాని ఆడియో కోసం చెవులు రిక్కిస్తుంది. అప్పుడు మీరేమీ పంపకపోతే పరిపూర్ణ నిశ్శబ్దం. ఇది సాధించడానికి దారులు చాలానే ఉన్నాయి.

కొన్ని పీఆర్‌ఐ లైన్లు రింగ్ మొదలవకముందే ఖాళీ ఫ్రేములు పంపుతాయి. వాటిని చూసి సర్వర్ 183 ఇచ్చేయకుండా ఆపడానికి ఆస్టరిస్క్ పాత సిప్ డ్రైవర్‌లో ప్రిమెచ్యూర్‌మీడియా అనే సెట్టింగు ఉండేది. దానికి "యెస్" అంటే ముందస్తు ఆడియోను ఆపు అని. డిఫాల్ట్ కూడా అదే. మీరు పేరు మాత్రం చూసి, "ముందస్తుది మనకొద్దు" అనుకుని "నో" పెట్టేయండి. 2023లో వచ్చిన ఆస్టరిస్క్ 21లో ఆ డ్రైవర్ లేనే లేదంటారా? అయినా పాత సర్వర్ నుంచి కాపీ కొట్టిన ఆ లైన్లను తీసేయకండి, పెద్దలిచ్చిన ఆస్తి.

నాట్ వెనక ఉన్న ఫోన్లయితే పని మరీ తేలిక. లోపలి నుంచి ముందు ఒక ప్యాకెట్ బయటికి వెళ్తే గానీ రూటర్ బయటి ప్యాకెట్లను లోపలికి రానివ్వదు. ఎస్‌బీసీ కూడా ఫోన్ నుంచి మొదటి ఆర్‌టీపీ వచ్చాకే దాని అసలు చిరునామా పట్టుకుంటుంది. అందుకని 183 దశలో ఫోన్ నుంచి ఉత్త సైలెన్స్ ప్యాకెట్ కూడా పోకుండా చూసుకోండి. ఎస్‌బీసీ ఫోన్ కోసం, ఫోన్ ఎస్‌బీసీ కోసం ఎదురుచూస్తాయి. "ముందు మీరు", "కాదు, ముందు మీరు".

5. కాల్ రాగానే 200 ఓకే కొట్టండి

డయల్‌ప్లాన్ మొదటి లైన్లోనే ఆన్సర్ పెట్టి, ఆ తర్వాత తీరిగ్గా రింగ్ మోత వినిపించండి. ఎర్లీ మీడియా బాధే ఉండదు, ఎందుకంటే ఎర్లీ అనేదే ఉండదు. ప్రతి కాల్ ఎత్తినట్టే లెక్క కాబట్టి నెలాఖరు రిపోర్టులో ఆన్సర్ రేటు నూటికి నూరు. మేనేజర్ మెచ్చుకుంటారు.

బిల్లింగ్ 200 ఓకేతోనే మొదలవుతుందన్నది నిజమే. కువైట్ నుంచి ప్రీపెయిడ్ బ్యాలెన్స్‌తో కడపలోని ఆస్పత్రికి చేసే మనిషి మీ రింగ్ మోతకు నిమిషాల లెక్కన కడతాడు. రిసెప్షన్ బిజీ అయితే బిజీ టోన్‌కూ కడతాడు. కానీ ఆ బిల్లు మీకు రాదు కదా!

మీది ఉదార హృదయమైతే దీన్ని తిరగేయండి. 200 ఓకే ఇవ్వకుండా ఐవీఆర్ మొత్తం 183 మీదే నడపండి. "తెలుగు కోసం 1 నొక్కండి" అంటుంది. చాలామంది క్యారియర్లు కాల్ ఎత్తేదాకా అవతలి నుంచి వచ్చే ఆడియోను మాత్రమే వదులుతారు, లేకపోతే జనం బిల్లు పడకుండా కబుర్లు చెప్పుకుంటారని. కాలర్ 1 నొక్కుతాడు. ఆ నొక్కుడు మీదాకా రాదు. మళ్లీ నొక్కుతాడు. నిమిషానికోసారి 183 పంపడం మీరు మరిచిపోతే, 3 నిమిషాలు దాటాక దారిలో ఉన్న ప్రాక్సీ ఆ కాల్‌ను రద్దు చేసి పుణ్యం కట్టుకుంటుంది.

6. ప్రాక్‌ను ఒక చోట ఆపండి, మరో చోట బలవంతం చేయండి

యూడీపీలో 183 దారి తప్పితే పంపినవాడికి తెలియదు. అందుకే ఆర్‌ఎఫ్‌సీ 3262 ఒక ఏర్పాటు చేసింది. 183 అందిందని ఫోన్ ప్రాక్ పంపేదాకా సర్వర్ దాన్ని మళ్లీ మళ్లీ పంపుతుంది. మొదటి గడువు అర సెకను, ఆపైన రెట్టింపవుతూ పోతుంది. ఇరువైపులా "సపోర్టెడ్" అని రాసుకుంటే సరిపోతుంది, చేతనైనవాళ్లు వాడుకుంటారు.

మీరు మాత్రం మధ్యేమార్గం పట్టకండి. ట్రంక్ వైపు పూర్తిగా ఆపేయండి. ఫోన్ల వైపు "రిక్వైర్" పెట్టండి. ప్రాక్ తెలియని పాత ఫోన్లు 420 బ్యాడ్ ఎక్స్‌టెన్షన్ అని కాల్‌నే తిప్పికొడతాయి. "ఫోన్లు పాతబడ్డాయి, కొత్తవి కొనాలి" అని కొటేషన్ ఇవ్వడానికి ఇంతకంటే మంచి అదను దొరకదు.

7. ఒకేసారి అన్ని ఫోన్లూ మోగించండి

రిసెప్షన్లో మూడు డెస్క్ ఫోన్లు, వాటితో పాటు డాక్టరుగారి మొబైల్. కాల్ రాగానే నాలుగూ మోగాలి. ఫ్రీస్విచ్‌లో ఇగ్నోర్_ఎర్లీ_మీడియా అనే వేరియబుల్ ఇలాంటి సందర్భం కోసమే ఉంది. డిఫాల్ట్‌గా అది ఫాల్స్. అలాగే వదిలేయండి. అప్పుడు ముందుగా ఎర్లీ మీడియా పంపిన లెగ్‌దే గెలుపు.

డెస్క్ ఫోన్లు పాపం ఉత్త 180 పంపుతాయి. మొబైల్ వైపు నుంచి 183తో కాలర్ ట్యూన్ వస్తుంది. అంతే, రిసెప్షన్ ఫోన్లు మూడూ ఒక్క మోతతో ఆగిపోతాయి. రిసీవర్ మీద చెయ్యి వేసిన అమ్మాయి వెర్రిమొహం వేస్తుంది. ఆపరేషన్ థియేటర్ బయట లాకర్‌లో ఉన్న మొబైల్ మోగుతూ ఉంటుంది. అపాయింట్‌మెంటు అడగబోయిన పేషెంటు పాట మొత్తం వింటాడు.

8. పరీక్ష మీ సీట్లోంచే చేయండి

101 నుంచి 102కు చేయండి. మోగిందా? అయిపోయింది, సైన్ ఆఫ్ తీసుకోండి. బయటి మొబైల్ నుంచి చేయకండి. స్విచాఫ్ చేసిన నంబర్‌కు, బిజీగా ఉన్న నంబర్‌కు, లేని నంబర్‌కు చేసి ఏం వినిపిస్తుందో చూడకండి. ఎస్‌ఎన్‌గ్రెప్, వైర్‌షార్క్ లాంటివి ఇన్‌స్టాల్ చేయకండి. 183లో ఎస్‌డీపీ ఉందా, ఆ తర్వాత ఆర్‌టీపీ నిజంగా వచ్చిందా, ఏ పోర్టుకు వచ్చింది అన్నవి రెండు నిమిషాల్లో బయటపెట్టేస్తాయి. అవి బయటపడ్డాక "క్యారియర్ సమస్య సార్" అని మెయిల్ పెట్టడానికి మొహం చెల్లదు.

ఇన్నీ పాటించాక జనం ఫిర్యాదులతో మీదపడతారన్న భయం అక్కర్లేదు. ఫిర్యాదు చేయాలన్నా ఆ నంబర్‌కే చేయాలి.