కంప్యూటర్‌కి నలుగు

పాత కంప్యూటర్లు బాగుచేసుకునే వాళ్లతో నాకేం పేచీ లేదు. చేతిలో సోల్డరింగ్ ఐరనూ, ముందు ఖాళీ ఆదివారమూ ఉన్నవాడు ఏం చేసుకుంటే మనకేం? పేచీ అంతా వాళ్లు చెప్పుకునే గొప్పతోనే. "మేం చరిత్రని కాపాడుతున్నాం" అంటారు. ఆ మాట అనేటప్పుడు గొంతులో కాస్త గాంభీర్యం కూడా వస్తుంది.

సరే, ఏం కాపాడుతున్నారో చూద్దాం. ఈ భక్తులకి ఇలవేల్పు కమడోర్ 64. 1982లో అమెరికాలో 595 డాలర్లకి వచ్చింది. 64 కిలోబైట్ల మెమరీ, సుమారు ఒక మెగాహెర్ట్జ్ వేగం. తయారుచేసిన కంపెనీ 1994లో దివాలా తీసిందిగానీ, ఆలోపే కోటికి పైగా అమ్మింది. అంటే అంతరించిపోతున్న జాతేమీ కాదు. అమెరికాలో, యూరప్‌లో ఎన్ని అటకల మీద ఉందో లెక్కలేదు. న్యూజెర్సీలో ఉన్న మా బావమరిది గరాజ్‌లోనే మూడున్నాయి. అందుకే వాడి కారు మంచులో ఉంటుంది.

మొదటి సేవ ఒంటి రంగుకి. ఆ కాలపు ప్లాస్టిక్ ఏళ్లు గడిచేకొద్దీ పసుపెక్కుతుంది. దానికి మందు హైడ్రోజన్ పెరాక్సైడ్ క్రీము. జుట్టుకి రంగు వేయడానికి బ్యూటీ పార్లర్లలో వాడే సరుకే, 12 శాతంది. మా వాడు కేసు విప్పుతాడు, కీలన్నీ ఒక్కొక్కటే పీకుతాడు, క్రీము మందంగా పట్టిస్తాడు, పల్చటి ప్లాస్టిక్ షీటు చుట్టి ఎండలో పెడతాడు. మధ్యమధ్యలో వెళ్లి తిప్పి వస్తాడు. పెళ్లికూతురికి నలుగు పెట్టేవాళ్లకి కూడా ఇంత ఓపిక ఉండదు. షీటు ముడతపడ్డ చోట తెల్లటి చార పడుతుంది; ఆ చారని చూసుకుని ఓ వారం దిగులు. ఇంతా చేస్తే, చీకటి గదిలో దాచినా కొన్నాళ్లకి మళ్లీ పసుపు తేలడం మామూలే. మళ్లీ క్రీము. వాళ్లక్క, అంటే మా ఆవిడ, వీడియో కాల్‌లో ఇదంతా చూసి "నాన్న అక్కడికొచ్చినప్పుడు మోకాళ్లకి నూనె రాయరా అంటే తీరికలేదన్నావు" అంది. కాల్ కట్ అయింది. నెట్‌వర్క్ బాగోలేదట.

ఇక రెండో గొప్ప: "ఆ రోజుల్లో సరుకు గట్టిది బావా, ఇప్పటివాటిలా కాదు." గట్టిదైతే నువ్వు రాత్రింబవళ్లు చేస్తున్న రిపేరు దేనికిరా అని అడిగితే కోపం. ఆ గట్టితనం సంగతి కాస్త విందాం. కమడోర్ 64తో వచ్చిన పవర్ సప్లై ఓ బరువైన ఇటుక. లోపలంతా ఎపాక్సీ పోసి బిగించేశారు, విప్పడానికి లేదు. అందులో రెగ్యులేటర్ పోతే 5 వోల్టులు రావాల్సిన చోట ఎక్కువ వచ్చి మెమరీ చిప్పులు కాలిపోతాయి. బ్రిటన్ బడుల్లో రాజ్యమేలిన బీబీసీ మైక్రోలో రీఫా కెపాసిటర్లుంటాయి. పైతొడుగు పగుళ్లిచ్చి, తేమ లోపలికి చేరి, చాలా ఏళ్ల తర్వాత స్విచ్ వేసిన కాసేపటికి గది నిండా పొగ. 386, 486 మదర్‌బోర్డుల మీద నికెల్-కాడ్మియం బ్యాటరీ ఉండేది. అది కారితే క్షారం పక్కనున్న రాగి గీతల్ని తినేస్తుంది. ఇంకో మహానుభావుడు డాలస్ కంపెనీ గడియారం చిప్పు. బ్యాటరీని చిప్పులోపలే పెట్టి మూత పోసేశారు. పదేళ్లో, కాస్త అటూఇటూనో పనిచేస్తుంది, తర్వాత దాన్ని రంపంతో కోసి, లోపలి తీగలు వెతికి పట్టుకుని, బయట నాణెం సెల్ అతికించాలి. గట్టి సరుకంటే ఇదన్నమాట.

ఇక్కడ ఒక మాట ఒప్పుకోవాలి. బ్యాటరీ కారి పచ్చగా పట్టిన బోర్డుని వెనిగర్‌తో కడిగి, భూతద్దం కింద పెట్టి, తెగిన గీత ఎక్కడుందో మల్టీమీటర్‌తో వెతికి, వెంట్రుకంత తీగతో కలిపి, అది "బీప్" అని పలికినప్పుడు మా వాడి మొహం చూడాలి. ఆ ఆనందం నిజమైందే. దాన్ని ఆనందం అనే చెప్పుకోవచ్చు కదా, పురావస్తు శాఖ దాకా ఎందుకు?

బాగుచేసి ఊరుకుంటే ఇంత రాసేవాణ్నే కాదు. బాగుపడ్డాక అప్‌గ్రేడ్ మొదలవుతుంది. 1987 నాటి అమిగా 500 తీసుకోండి. ఏడు మెగాహెర్ట్జ్ వేగం, 512 కిలోబైట్ల మెమరీ. అందులోంచి ప్రాసెసర్ ఊడబీకి, ఆ సాకెట్‌లో పైస్టార్మ్ అనే బోర్డు దూర్చి, దానిమీద రాస్ప్‌బెర్రీ పై కూర్చోబెడతారు. ఆ పై వేగం 1400 మెగాహెర్ట్జ్. అంటే ఆతిథ్యమిచ్చిన యంత్రానికి రెండొందల రెట్లు. మెమరీ అయితే వెయ్యి రెట్లు. అసలా చిన్న బోర్డు ఒక్కటే, ఏ అమిగా అవసరమూ లేకుండా, మొత్తం అమిగాని సాఫ్ట్‌వేర్‌లో ఆడించగలదు. అయినా దాన్ని తెచ్చి 7 మెగాహెర్ట్జ్ ఇంట్లో అద్దెకి పెట్టి, "నా అమిగా ఎంత పరిగెడుతోందో చూడు బావా" అంటాడు. పరిగెట్టేది అద్దెకొచ్చినవాడు. పైగా కొన్ని పాత ఆటలు ఆ వేగానికి తట్టుకోలేవు కాబట్టి, దాన్ని మళ్లీ నెమ్మది చేసే సెట్టింగ్ కోసం ఇంకో రాత్రి జాగరణ.

ఫ్లాపీ డ్రైవ్ కథ ఇంకా కమ్మన. అరిగిపోయిందని తీసేసి గోటెక్ పెడతారు. ఎంబ్రాయిడరీ మెషిన్లలోనూ వాడే చవక పెట్టె అది. పెన్‌డ్రైవ్‌ని ఫ్లాపీ అని కంప్యూటర్‌ని నమ్మిస్తుంది. చప్పుడుండదు. చప్పుడు లేకపోయేసరికి వెలితి. అందుకని ఓ బుల్లి స్పీకర్ తెచ్చి అతికిస్తారు, పాత డ్రైవ్ చేసిన టకటకలు అదే చెయ్యడానికి. హార్డ్ డిస్కుకీ ఇలాంటి టక్కులపెట్టె విడిగా దొరుకుతుంది. ఇదంతా అయ్యాక ఆ యంత్రంతో ఏం చేస్తారంటే, ఆన్ చేస్తారు, ఒక ఆట రెండు నిమిషాలు ఆడతారు, ఫొటో తీస్తారు, ఆపేసి బీరువాలో పెడతారు.

మా వాడు పుట్టింది తెనాలిలో. కమడోర్‌నిగానీ, అమిగానిగానీ చిన్నప్పుడు కంటితో చూసిన పాపాన పోలేదు. వాడు మొదట చూసింది ఇన్‌స్టిట్యూట్‌లో అసెంబుల్డ్ 486. ఏసీ గది, బయట చెప్పులు విప్పి లోపలికెళ్లాలి, దుమ్ము పడితే వైరస్ వస్తుందని సారు బెదిరింపు, టర్బో బటన్ నొక్కితే వెలిగే లైటు. మన రాష్ట్రంలో ఒక తరం తిన్న అన్నం ఆ పేరులేని డబ్బాలు పెట్టిందే. వాటికెవడూ నలుగు పెట్టడం లేదు. పేరులేని పెట్టెకి గరాజ్‌లో ఫొటో అందం రాదు కదా! హైదరాబాద్‌లోనే ఈసీఐఎల్ తయారుచేసిన టీడీసీ-312, టీడీసీ-316 గురించి ఎత్తితే, ఈసీఐఎల్ క్రాస్‌రోడ్స్‌కి వెళ్లే బస్సు నంబర్లనుకున్నాడు.

నిజంగా కాపాడాల్సింది వేరే ఉంది, అది వాళ్ల చేతిలో పనే. తొంభైల్లో తెలుగు పుస్తకాలూ, పత్రికలూ డీటీపీ సెంటర్లలో పేజ్‌మేకర్‌లో, అను, శ్రీలిపి ఫాంట్లతో తయారయ్యాయి. ఆ ఫాంట్ లేకుండా ఫైల్ తెరిస్తే కనపడేది తెలుగు కాదు, అర్థంలేని ఇంగ్లీషు అక్షరాలూ గుర్తులూ. అందులో ఎంతో సరుకు ఫ్లాపీల్లో ఉండిపోయింది, ఆ ఫ్లాపీల మీది అయస్కాంతపు పూత ఏటికేడాది నీరసిస్తోంది. అలాంటి ఫ్లాపీని ఓపిగ్గా చదివి బయటికి లాగే గ్రీజ్‌వీజల్ అనే చిన్న బోర్డు ఈ అభిరుచి వాళ్ల మధ్యే పుట్టింది. దాంతో పాత సాఫ్ట్‌వేర్‌ని బతికిస్తున్నవాళ్లు కొందరున్నారు. వాళ్లకి వంద దండాలు. మా వాడి దగ్గరా ఉందది, ఆటల ఫ్లాపీల కోసం. వాళ్ల నాన్నగారు పదవీ విరమణయ్యాక రాసి డీటీపీ చేయించుకున్న శతకం ఫ్లాపీ తెనాలిలో బీరువా అడుగున ఉంది. "పంపిస్తానురా" అంటే "షిప్పింగ్‌లో పాడైపోతుందేమో బావా" అన్నాడు. అమిగా జర్మనీ నుంచి భేషుగ్గా వచ్చింది మరి.

మొన్న కొత్త సరుకుకి చోటు లేక ఒక కమడోర్‌ని అమ్మకానికి పెట్టాడు. ఆ ప్రకటన నాకు పంపి, తప్పులు దిద్దమన్నాడు. అందులో ఉన్నదిది: "1982 నాటి అసలు సిసలు కమడోర్ 64. మదర్‌బోర్డు కొత్తది. సౌండ్ చిప్పు బదులు కొత్త చిప్పు. పవర్ సప్లై కొత్తది. కీ క్యాపులు కొత్తవి. కేసు పాత అచ్చుల్లోనే కొత్తగా పోసింది. హెచ్‌డీఎంఐ ఉంది. ధర 900 డాలర్లు. తీసేసిన పాత భాగాలు కావాలంటే విడిగా, అన్నీ కలిపి 40 డాలర్లు."