ద్విముఖ పెడలు పద్యం – టీకా తాత్పర్య సహితం

ఆ.వె.
కొక్కె మొక్క మోము, కోరుచోఁ జదునొక్క
మోము గలుగు పెడలు ముద్దు గొలుపు
చెప్పు కాలికైన, సీలున్న బూటుకున్
రింగురోడ్డు మీద రేయిఁబవలు

ప్రతిపదార్థం: కొక్కెము ఒక్క మోము = బూటడుగు సీలను కరచిపట్టు ముఖమొకటియు; చదును ఒక్క మోము = ఏ పాదరక్షనూ కాదనని ముఖమొకటియు; చెప్పు కాలికైనన్ = హైదరాబాదు మాదాపూరు టీకొట్టుకు పోవు కాలికైనను; సీల ఉన్న బూటుకున్ = కొల్లూరు దాకా పోదలచిన బూటుకును. మిగిలినవి తేలిక.

తాత్పర్యం: వారమంతా చెప్పులతో తొక్కువాడే ఆదివారం దూరాభారమునకు బయలుదేరును. సైకిలు ఒకటే గనుక పెడలుకు రెండు మోములు.

విశేషములు: అసలు ఔటర్ రింగురోడ్డు మీద సైకిలుకు ప్రవేశము లేదు. 'గంగలో గొల్లపల్లె' అన్నట్లు ఇచ్చట లక్షణచేత 'ప్రక్కన' అని చెప్పుకొనవలెను. 2023 అక్టోబరు 1న తెరచిన, సౌరఫలకాల కప్పు గల 23 కిలోమీటర్ల బాట కవి హృదయము. నానక్‌రామ్‌గూడ నుండి పోలీసు అకాడమీకి ఒక పాయ, నార్సింగి నుండి కొల్లూరుకు మరొకటి.

కొక్కెములలో ముఖ్య సంప్రదాయములు రెండు. లుక్ కంపెనీ వారిది 1984 నాటిది. మరుసటి ఏడు సైకిలు పందెగాడు బెర్నార్డ్ ఇనో దానితోనే టూర్ ద ఫ్రాన్స్ గెలిచెను. మూడు బోల్టుల ఆ సీల బూటడుగున పొడుచుకొని యుండుటచే ఆఫీసు గ్రానైటుపై టకటకలాడును, జారును కూడ. షిమానో వారు 1990లో తెచ్చిన ఎస్పీడీ సీలకు రెండే బోల్టులు. అది అడుగులో దాగును. ద్విముఖమునకు సాధారణముగా జత ఇదియే.

శంక: ఖాజాగూడ సిగ్నలు వద్ద కావలసిన మోము క్రిందుగా ఉన్నచో?

సమాధానము: బరువైన వైపు క్రిందికి దిగును గనుక పైకి వచ్చునదేదో క్రమముగా కాలికే తెలియును. అందాక చదును మోమున తొక్కుము. మరి మడమ వెలుపలికి తిప్పుట మరచి కొక్కెముతోనే ఆగినచో? అప్పుడు ప్రక్కకు ఒరుగుట మెల్లగా, గంభీరముగా, క్యాబుల వారందరి సమక్షమున జరుగును. పట్టు వదులు చేయు మరను ముందే తిప్పుకొనవలె.

గచ్చిబౌలి రద్దీలో మాత్రమే తొక్కువానికి ఈ పద్యముతో పనిలేదని నా మతము. వానికి రెండు వైపులా చదునే మేలు.

పాఠాంతరము: నాలుగవ పాదము 'కాఫి మెషిను చెంత గంటసేపు' అని మైండ్‌స్పేస్ ప్రతి. యతి నిర్దుష్టమే గాని, అందు సైకిలు ప్రసక్తి లేదు. కావున గ్రాహ్యము కాదు.