నన్ను ఆ కారుకి బిగించకండి

విజయవాడ ఆటోనగర్‌లో ఒక పాత సామాన్ల కొట్టు. అందులో పైనుంచి రెండో అర, సెల్ఫ్ మోటార్ల పక్కన నా చోటు. నేను టర్బోని. రెండు నత్తగుల్లల్ని వీపుకి వీపు ఆనించి అతికించినట్టుంటాను. లోపలికి దుమ్ము పోకుండా నా నోట్లో పాత బనీను గుడ్డ కుక్కారు. నేను తిరిగే రోజుల్లో ఎవరైనా ఆ మాత్రం శ్రద్ధ పెట్టి ఉంటే ఈ అర ఎక్కే గతి నాకు పట్టేది కాదు.

ఈమధ్య ఒక కుర్రాడు వచ్చి నన్ను కిందికి దింపించాడు. ఊరు ఇబ్రహీంపట్నం. ఇంట్లో నాన్న కొన్న పాత ఇండికా డీజిల్ ఉందట. పికప్ లేదట. టర్బో బిగిస్తే పరుగెత్తుతుందని ఎవరో చెప్పారట. మూడేళ్ల తర్వాత ఒక మనిషి చెయ్యి నా మీద పడింది. మళ్లీ రోడ్డెక్కుతానన్న ఆశ పుట్టింది, దాచుకోను. అయినా ఆ కుర్రాడికి నేను చెప్పాలనుకున్న మాట ఒక్కటే: వద్దు నాయనా.

ఎందుకో తెలియాలంటే నా సంగతి కొంత వినాలి. నన్ను ఏ కొలిమిలో పోతపోశారో, ఎవరు నునుపు చేశారో ఇప్పుడు అనవసరం. ఒక ఇరుసు, దాని రెండు చివర్లా రెండు చక్రాలు, అంతే నేను. ఇంజను కాల్చి వదిలేసిన పొగ సైలెన్సర్లోకి పోయేముందు నాలోని ఒక చక్రాన్ని తిప్పుతుంది. ఆ తిరుగుడుకి రెండో చక్రం బయటి గాలిని పీల్చి, నొక్కి, ఇంజనులోకి తోస్తుంది. వృథాగా పోయే పొగతో పని చేయించుకోవచ్చని ఆలోచించినవాడు ఆల్‌ఫ్రెడ్ బ్యూకి అనే స్విట్జర్లాండ్ ఇంజనీరు. 1905లో పేటెంటు తీసుకున్నాడు. ఆయన పుణ్యమా అని మావాళ్లు ఓడల్లో, రైలింజన్లలో, లారీల్లో కుదురుకున్నారు. కార్లలోకి వచ్చింది ఆ తర్వాత చాలా కాలానికి.

నిమిషానికి లక్షన్నర చుట్ల దాకా తిరుగుతాను. మీ ఇంట్లో సీలింగు ఫ్యాను ఎంత వేగం పెట్టినా తిరిగేది మూడు నాలుగు వందల చుట్లే. నా వేగంలో ఇనుము ఇనుముని తాకితే క్షణంలో అరిగి చస్తాను. తాకకుండా అడ్డుండేది ఇంజనాయిలు. వెంట్రుక మందం కూడా లేని ఆయిలు పొర మీద నా ఇరుసు తేలుతూ తిరుగుతుంది. నా ప్రాణం ఆ పొరలో ఉంది.

నన్ను మొదట మోసింది ఒక డీజిల్ ట్యాక్సీ. దాని ఇంజను నాతో కలిసి పుట్టిందే. పిస్టన్లు, డీజిల్ పంపు, రేడియేటరు, క్లచ్ అన్నీ నేనుంటానని లెక్కగట్టి చేసినవి. 2008లో శంషాబాద్ విమానాశ్రయం తెరిచాక కృష్ణా జిల్లాలో మాలాంటి బళ్లకి రాత్రిళ్లు నిద్ర లేదు. అమెరికా వెళ్లే పిల్లాడు, అమ్మా నాన్నా, మేనమామ, డిక్కీలో ఇరవై మూడేసి కిలోల పెట్టెలు రెండు. వాటిలో ఆవకాయ, గోంగూర పచ్చడి, కందిపొడి. తూకం ఎక్కువైందని ఆఖరి నిమిషంలో నాన్న ఒక పొట్లం బయట పెట్టేవాడు. ఆయన అటు తిరగ్గానే అమ్మ దాన్ని పిల్లాడి చేతిసంచిలో దూర్చేసేది.

హైదరాబాదు మన విజయవాడ కన్నా ఐదు వందల మీటర్లు ఎత్తున ఉంది. దారి పొడుగునా తెలియకుండానే ఎత్తు ఎక్కాలి. అంత బరువుతో, ఏసీ వేసుకుని, కీసర టోల్‌గేటు దాటాక లారీ వెనక లారీని దాటించేదాన్ని. డ్రైవరు కాలు గట్టిగా నొక్కితే బానెట్ కింద సన్నగా ఈల వినిపించేది. అది నా గొంతు. పిల్లాడు విమానమెక్కాక తిరుగు ప్రయాణంలో బండిలో ఎవరూ మాట్లాడేవారు కాదు. అప్పుడు నా ఈల ఇంకా బాగా వినిపించేది. ఎన్ని ఇళ్ల పిల్లల్ని అలా సాగనంపానో లెక్కలేదు. ఈ అర మీద కూచుని తలుచుకునేది ఆ రాత్రుల్నే.

నన్ను చంపింది టీ. సూర్యాపేట దాకా ఎక్కడా వేగం తగ్గకుండా వచ్చి, హోటలు ముందు బండి ఆగీ ఆగకముందే మా యజమాని తాళం తిప్పేసేవాడు. ఇంజను ఆగితే ఆయిలు పంపూ ఆగుతుంది. నేను మాత్రం వెంటనే ఆగను. ఇరుసు ఇంకా తిరుగుతుంటుంది, పొగ చక్రం ఇంకా నిప్పులా కాగుతుంటుంది. నాలో మిగిలిన కాస్త ఆయిలూ మూకుట్లో మాడిన నూనెలా నల్లగా గడ్డ కట్టేది. ఒక్క నిమిషం ఇంజను అలా తిరగనిస్తే చాలు, కొత్త ఆయిలు వచ్చి నా వేడి లాక్కుపోయేది. జేబులో చిల్లర వెతుక్కునేంత సేపు. ఆ నిమిషం నాకు ఎన్నడూ దక్కలేదు. పదివేల కిలోమీటర్లకి మార్చాల్సిన ఆయిలు పాతిక వేలకి మార్చాడు. ఎయిర్ ఫిల్టరు చిరిగితే టేపు అంటించి ఊరుకున్నాడు. ఆ చిరుగులోంచి వచ్చిన ఇసుక రేణువులు నా అల్యూమినియం రెక్కల అంచుల్ని కొరికేశాయి.

ఈల కాస్తా అరుపయింది. సైలెన్సర్లోంచి నీలం పొగ మొదలైంది. షెడ్డులో నన్ను ఊడదీసి కొత్తదాన్ని బిగించారు. ఆ కొత్తదానికైనా ఆ నిమిషం ఇచ్చాడో లేదో నాకు తెలియదు. నన్ను గోడవారగా పడేశారు. ఒక వర్షాకాలమంతా అక్కడే తడిశాను. తర్వాత పాత ఇనుముతో కలిపి గోనెలో వేసి కిలోల లెక్కన అమ్మేశారు. ఈ కొట్టు మేస్త్రి గోనెలోంచి నన్ను ఏరి తీసి, కడిగి, కొత్త బుష్షులు వేసి బతికించాడు. ఆయనకి రుణపడి ఉన్నాను.

ఆ మేస్త్రే, కుర్రాడు వచ్చిన రోజు, నా ఇరుసుని రెండు వేళ్లతో పట్టుకుని అటూ ఇటూ కదిపి చూశాడు.

“దీన్ని మా బండికి పెట్టొచ్చాండీ?” అన్నాడు కుర్రాడు.

“ఆటోనగర్‌లో పెట్టలేనిదేముంది బాబూ? పెట్టాక ఎన్నాళ్లుంటుందనేది చూసుకోవాలి.”

మేస్త్రి మాట నిజం. ఆ ఇండికాది 1405 సీసీ ఇంజను, టర్బో లేకుండా పుట్టింది. అలాంటి డీజిలింజన్లు మామూలు గాలినే చాలా గట్టిగా అదుముకుని మండిస్తాయి. నేను ముందే నొక్కిన గాలిని అందులోకి తోస్తే లోపల ఒత్తిడి హద్దు దాటుతుంది. ముందు హెడ్ గ్యాస్కెట్ పోతుంది, తర్వాత పిస్టన్ల వంతు. పోనీ, గాలి ఒక్కటీ ఎక్కువైతే బలం రాదు, దానికి తగ్గ డీజిలు కావాలి. పంపు ముట్టుకోకపోతే నేనున్నా ఒకటే, లేకపోయినా ఒకటే. పంపు అతిగా తిప్పితే నల్ల పొగ, విపరీతమైన వేడి. పెరిగిన బలాన్ని క్లచ్ మోయాలి, పెరిగిన వేగాన్ని బ్రేకులు ఆపాలి. అవన్నీ పాత లెక్కలో చేసినవే కదా.

మన ఎండ సంగతి కూడా చెప్పాలి. గాలిని నొక్కితే వేడెక్కుతుంది. రోహిణి కార్తెలో నలభై అయిదు డిగ్రీల గాలి నాలోకి వస్తే, బయటికి పోయేటప్పటికి నూరు దాటుతుంది. దాన్ని చల్లార్చడానికి ఇంటర్‌కూలరని ఇంకొకటి కావాలి. ఆ బండి బానెట్ కింద దానికి చోటు వెతకాలి.

ఇంతా చేసి ఆ బండి తిరిగేదెక్కడ? ఇబ్రహీంపట్నం రింగ్ నుంచి గొల్లపూడి, భవానీపురం మీదుగా బెజవాడకి. నాన్నని ఆసుపత్రికి, అమ్మని దుర్గమ్మ గుడికి. గొల్లపూడి ట్రాఫిక్కులో రెండో గేరులో పాకే ఇంజనుకి నన్ను తిప్పేంత పొగే ఉండదు. నేను లేచేసరికి ముందున్న ఆటో బ్రేకు వేస్తుంది.

చట్టమూ ఒప్పుకోదు. కంపెనీ ఇచ్చిన వివరాలకి భిన్నంగా బండిని మార్చకూడదని 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను చెబుతోంది. 2019 సవరణ తర్వాత, అనుమతి లేకుండా చేసిన ఒక్కో మార్పుకి అయిదు వేల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. ప్రమాదం జరిగితే బీమా కంపెనీ మొదట ఈ మార్పునే పట్టుకుంటుంది.

నాతో పుట్టిన కార్లకే ఒకప్పుడు నా పోషణ బరువైంది. 1962లో అమెరికాలో ఓల్డ్స్‌మొబిల్ జెట్‌ఫైర్ అనే కారు టర్బోతో వచ్చింది. ఇంజను కొట్టుకోకుండా అందులో నీళ్లు, మిథనాల్ కలిపిన ద్రవాన్ని వేరే డబ్బాలో పోస్తూ ఉండాలి. రోజూ ఆఫీసుకెళ్లే మనుషులు ఆ డబ్బా నింపడం మర్చిపోయారు. కొన్నేళ్లకి ఆ కార్లలో చాలావాటికి టర్బో ఊడదీసి మామూలు కార్బురేటరు పెట్టి పంపారు. ఎక్కడో ఊడదీసి పడేసిన ఆ టర్బోలు నాకు బంధువులే.

ఆ రోజు మేస్త్రి నన్ను పక్కన పెట్టి, కుర్రాడు వేసుకొచ్చిన ఇండికా బానెట్ ఎత్తాడు. ఎయిర్ ఫిల్టరు తీసి నేల మీద కొట్టాడు. దోసెడు బూడిద రంగు దుమ్ము రాలింది.

“చివరిసారి ఇది ఎప్పుడు మార్చారు?”

కుర్రాడు తల దించుకున్నాడు. నాజిల్స్ విప్పి చూస్తే రెండు, సన్నగా చిమ్మాల్సిన డీజిలుని చుక్కలుగా కారుస్తున్నాయి. టైర్లలో గాలి తక్కువ. ఊపిరాడని మనిషిని పట్టుకుని పరుగెత్తలేదని తిట్టినట్టుంది. ఫిల్టరు మార్చి, నాజిల్స్ బాగుచేయించి, టాపెట్లు సరిచేసి పంపాడు.

నాలుగు రోజుల తర్వాత కుర్రాడు వాళ్ల నాన్నతో వచ్చాడు. “కొన్నప్పటిలా ఉందండీ” అన్నాడు పెద్దాయన. మైలవరం రోడ్డులో లారీని దాటాలంటే ఇప్పటికీ మూడో గేరు వెయ్యాలట. వెయ్యాలి మరి, ఆ ఇంజను తత్వం అది. టర్బో పరుగే కావాలంటే దానితో పుట్టిన బండిని కొనుక్కోవడం మేలు.

మేస్త్రి నా నోట్లో మళ్లీ గుడ్డ కుక్కి రెండో అర మీద పెట్టాడు. నాతో పుట్టిన ఇంజను ఏదైనా వస్తే వెళతాను, లేదంటే ఇక్కడే ఉంటాను. మీ కారులో టర్బో ఉంటే, ఈ రాత్రి దూరం నుంచి వచ్చి ఇంటి ముందు ఆగినప్పుడు, తాళం తిప్పేముందు దానికి ఒక్క నిమిషం ఇవ్వండి.