ఉరుకు తమ్మీ... వేళ్లతో!

మెదక్ ఖిల్లా ఎక్కుదామంటే మోకాళ్లు పట్టుకునే తమ్ముళ్లు, ఫోన్లో మాత్రం వంద మీటర్లు ఒలింపిక్ రికార్డు దాటేస్తున్నారు. బటన్ టపటపా నొక్కుడే పరుగు! ఈ విద్యను ఊరూరా పాకించింది జపాన్ కంపెనీ కోనామీ. 1983లో వచ్చిన దాని ‘ట్రాక్ అండ్ ఫీల్డ్’ వీడియో గేమ్‌లో ఎంత వేగంగా నొక్కితే బొమ్మ అంత వేగంగా ఉరుకుతుంది. వేళ్లు నొయ్యకుండా కొందరు ఘనులు స్టీలు స్కేలు ఒక కొస పట్టుకుని, రెండో కొసను మీటి బటన్ కొట్టించారు. డోపింగ్ తెలియని ఆటలో స్కేలింగ్ అన్నమాట!

పరుగుపందెం వరకు సరే, కనీసం వేళ్లకైనా ఆయాసం వస్తుంది. క్రికెట్‌ గేమ్‌లోనూ వడ్లు దంచినట్టు దంచుడే అయితే అదను చూసి కొట్టేవాడికి విలువేముంది? కవర్ డ్రైవ్‌కు ఒక్క నొక్కు చాలు, సరైన క్షణంలో పడాలి. రేపు కబడ్డీ గేమ్‌లో కూతకూ బటనే నొక్కమంటారేమో!

అన్నట్టు, తెలంగాణ పోలీసు కొలువులకు 2022 నోటిఫికేషన్‌లో మగవాళ్లు 1600 మీటర్లు 7 నిమిషాల 15 సెకన్లలో ఉరకాలన్నారు. అక్కడ బటన్ ఇయ్యరు తమ్మీ!